ట్రాక్షన్ బార్లూ, వెనక బల్లా

1962 వేసవి చివర నన్ను బందరులోని ప్రభుత్వ వాహనాల వర్క్‌షాపులో మెకానికల్ సూపర్‌వైజరుగా వేశారు. హోదాలో అది ఇంజనీరుకి ఒక మెట్టు కింద, మేస్త్రీకి ఒక మెట్టు పైన. అయినా ఊళ్లో అందరూ నన్ను ‘ఇంజనీరు గారూ’ అనేవారు. ఆ పొరపాటును నేను ఒక్కసారి కూడా సరిదిద్దలేదు.

చేరగానే నాకు అప్పగించింది దివిసీమలో తిరిగే వైద్యశాల పికప్ బండి. ముందు డ్రైవరు వెంకటస్వామి, పక్క సీట్లో డాక్టర్ సుభద్రమ్మ గారు. వెనక రేకు కప్పు కింద చెక్క బల్ల మీద కాంపౌండరు రామ్మూర్తి గారు, చుట్టూ మందుల పెట్టెలు. బండి కోడూరు దాకా బుద్ధిగానే వెళ్లేది. ఆ తర్వాత పాలకాయతిప్ప వైపు బెస్త పల్లెలకు చేరాలంటే కరకట్ట ఎక్కి దిగాలి. అక్కడ వెనక చక్రాలు టపటపా ఎగిరేవి. చక్రాలకు శక్తినందించే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు పుటుక్కున విరిగేది. డాక్టరు గారు గట్టుకి ఇవతల, రోగులు అవతల.

కారణం నాకు తెలుసు. తెలుసన్న సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. క్లచ్ వదలగానే చక్రాలు ముందుకు తిరగాలి. బంకమట్టి వాటిని పట్టేస్తే, తిప్పే ఇరుసే వెనక్కి మెలి తిరగబోతుంది. దాన్ని పట్టి ఉంచే కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు, వంకర పోతాయి. చక్రం కాస్త జారగానే అవి విదిలించుకుని మళ్లీ తిన్నబడతాయి. ఇది వెంటవెంటనే జరగడమే ఆ ఎగురుడు. దీనికి మందు ట్రాక్షన్ బార్. ఇరుసు నుంచి బండి ఛాసిస్‌కి గట్టి ఇనప కమ్మీ వేసి, ఇరుసు మెలి తిరగకుండా ఆపడం.

ఆ బార్ బొమ్మ ఒక పాత విదేశీ పత్రికలో చూశాను. కమ్మీ ముందు కొస పత్రిక మడతలోకి పోయి కనబడలేదు. అక్కడ చెప్పుకోదగ్గదేమీ ఉండదని నేనే తీర్మానించుకుని, రెండు కొసలూ బోల్టులతో బిర్రుగా బిగించేశాను. పరీక్షకి ఖాళీ బండిలో, అధికారి హోదాలో ముందు సీట్లో కూర్చుని, గూడూరు దాకా తారు రోడ్డు మీద వెళ్లొచ్చాను. బండి దివ్యంగా ఉందని రిపోర్టు రాశాను.

మొదటి ప్రయాణం అయ్యాక రామ్మూర్తి గారు నడుం పట్టుకుని వర్క్‌షాపుకి వచ్చారు.

“బండి కాదండీ బాబూ అది, రోలు. మమ్మల్ని అందులో వేసి దంచుతున్నారు,” అన్నారు.

మీరు మరీ బక్కపలచగా ఉన్నారు, అందుకే కుదుపు తెలుస్తోందని ఆయనకి సర్దిచెప్పి పంపాను. మర్నాడు డాక్టరు గారే వచ్చారు.

“ఇంజనీరు గారూ, మీ బార్లతో బండి గట్టెక్కుతోంది, కాదనను. సీసాలే గట్టెక్కట్లేదండీ,” అన్నారు.

పెట్టెలో సగం సెలైన్ సీసాలు పగిలిపోయాయట. వాళ్లు వెళ్లిన బెస్త పల్లెలో వాంతిభేదులు తగులుకుని ఉన్నాయి. ఆవిడ మిగిలిన సీసాలు సర్ది, ఉప్పునీళ్లు కాచి తాగించి ఎలాగో నెట్టుకొచ్చారు. ఇప్పుడు బందరు ఆస్పత్రిలో ఇంకొక్క పెట్టె ఉంది. అది పగిలితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. రేపు మీరూ రండి, మీ బార్లు మీరే చూసుకోండి అన్నారు.

మర్నాడు అలవాటు కొద్దీ ముందు తలుపు తీశాను. ఆవిడ అప్పటికే కూర్చుని ఉన్నారు. వెనక బల్ల చూపించి, నేను సర్దుకున్నాక పెట్టె నా ఒళ్లో పెట్టించారు.

మోపిదేవి రాకముందే నా తల కప్పుకి ఎన్నిసార్లు తగిలిందో చెప్పలేను. బరువు పడ్డప్పుడు కమాన్ కట్ట అణిగి కాస్త సాగుతుంది. ఇరుసు పైకీ వెనక్కీ జరుగుతుంది. జరగడానికి నా బార్లు ఒప్పుకోవు. కాబట్టి కమాన్లు అసలు పనిచేయడం లేదు. గుంటలో ఉన్న దెబ్బంతా నేరుగా బల్లకీ, బల్ల నుంచి నాకూ చేరుతోంది. ఒళ్లో సీసాలు ఘల్లుమన్నప్పుడల్లా నిజంగా భయపడ్డాను. పక్కనే రామ్మూర్తి గారు మాత్రం ఎంతో ప్రసన్నంగా ఉన్నారు.

చివరికి బండి ఆపించి, ఇస్త్రీ బట్టలతోనే కిందికి దూరి, నా బార్లు నేనే విప్పేశాను. అక్కణ్ణుంచి బండి మెత్తగా నడిచింది. కరకట్ట దగ్గర పాత కథ మొదలైంది. సీసాలు దింపి పక్కన నిలబడి చూశాను. ఇరుసు మెలి తిరగడం పుస్తకంలో కాకుండా కళ్లతో చూడటం నాకదే మొదటిసారి. ఆ ఒక్క క్షణం ఆపితే చాలు, మిగతా దారంతా దాని మానాన దాన్ని వదిలేయాలని అప్పుడు తట్టింది.

తట్టింది గానీ ఆ రోజు బండి గట్టు ఎక్కలేదు. జాయింటు విరగ్గొట్టుకోవడం ఇష్టంలేక ఆపించాను. పెట్టె నెత్తిన పెట్టుకుని, ఒక బూటు బురదకి సమర్పించి, డాక్టరు గారి వెనకాలే పల్లెకి నడిచాను. పెట్టె తెరిచారు. ఒక్క సీసా పగల్లేదు. బార్లు బిగించిన రోజు కన్నా ఆ రోజు ఎక్కువ సంతోషించాను.

గుడిసె ముందు ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి, “కొత్త బంట్రోతా అమ్మా?” అని అడిగింది.

“ఇంకా పర్మనెంటు కాలేదు లేవే,” అన్నారు డాక్టరు గారు.

బందరు తిరిగొచ్చి బార్లు మళ్లీ చేయించాను. ఈసారి వెనక కొస మాత్రమే ఇరుసు దగ్గర కమాను కింద బిగించాను. ముందు కొసను వదిలేసి, దాని మీద పాత టైరు ముక్క అతికించి, కమాను ముందు చివరకీ దానికీ మధ్య రెండు వేళ్ల సందు ఉంచాను. మామూలు గుంటల్లో కమాను తన పని తాను చేసుకుంటుంది. ఇరుసు మెలి తిరగబోతే బారు ముందు కొస లేచి, రబ్బరు కమానుకి ఆని ఆగిపోతుంది. సందు ఎంత ఉండాలో తేల్చడానికి, నిండు బరువుతో, వెనక బల్ల మీద చాలాసార్లు తిరిగాను. మూడు నాలుగు టైరు ముక్కలు పాడుచేశాక కుదిరింది.

ఆ తర్వాత బండి సీసాలతో సహా కరకట్ట ఎక్కింది. పల్లెలో నేను వెనకనుంచి దిగుతుంటే ఆ ముసలామె, “ఉద్యోగం కాయమైందా బాబూ?” అని ఆప్యాయంగా అడిగింది. అయిందన్నాను.

వెనక కమాన్లకి ఏం చేసినా దాన్ని వెనక కూర్చునే పరీక్షించాలి, అదీ ఆ బండి రోజూ మోసే బరువుతో. నేను నేర్చుకున్నది ఇంతే. కొన్నేళ్లకి నిజంగానే ఇంజనీరునయ్యాను. పర్యటనల్లో ముందు సీటు నాదేనని ఉత్తర్వు కూడా వచ్చింది. అప్పటికి నాకు వెనక కూర్చోవడం అలవాటైపోయింది.