గుడ్ ఫ్రైడే నాటి కారం రొట్టె

నేను దేవుణ్ణి నమ్ముతాను, దయ్యాలను నమ్మను. చనిపోయిన మామ్మ కిటికీ దగ్గర కనపడిందని ఎవరన్నా చెబితే, ముందు ఆ కిటికీకి కర్టెన్ ఉందా అని అడిగే రకాన్ని. బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. అద్భుతాలు కూడా బైబిల్లో ఉన్నవి చాలు, మా వీధిలో కొత్తవి అక్కర్లేదనుకునేదాన్ని. పోయిన గుడ్ ఫ్రైడే నాడు జరిగింది మాత్రం నాకు కొరుకుడు పడలేదు. పిల్లాడు పడుకున్నాడు కాబట్టి, మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

మాది నల్లపాడు దాటాక లోపలికి వెళ్తే వచ్చే మిరప ఊరు. మావారు కోల్డ్ స్టోరేజీలో పని చేస్తారు. ఇంట్లో మేమిద్దరం, అత్తయ్య, మా బాబు సన్నీ.

సన్నీకి మూడో ఏడు నడుస్తున్నా ఒక్క మాట రాలేదు. అమ్మ అని కూడా అనలేదు. చెవులు బాగానే ఉన్నాయి, కొంతమంది పిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి, కంగారు పడకండి అన్నారు గుంటూరులో డాక్టరుగారు. చెబితే ఆగే కంగారు కాదు నాది. నిద్రపోతున్న పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూసే మనిషిని.

ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చేశారు. అత్తయ్య వస కొమ్ము అరగదీసి నాకించారు. పక్కింటి మస్తాన్‌బీ పిన్ని దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. పాస్టరుగారు నుదుటికి నూనె రాసి ప్రార్థన చేశారు. మావారు ఫోన్లో కార్టూన్లు ఆపేశారు. వీటన్నిటినీ సన్నీ మౌనంగా భరించాడు.

మా చర్చి సంఘంలో గుడ్ ఫ్రైడే ఆరాధన చివర సంస్కారం ఇస్తారు, క్రీస్తు శరీరానికి, రక్తానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం. దానికి పులియని రొట్టెను ఆడవాళ్ళం వంతులవారీగా ఇంట్లో చేసి తీసుకెళ్తాం. ఒకటే పెద్ద రొట్టె. అందరి ముందూ విరిచి పంచుతారు. ఈసారి వంతు మాది.

గుడ్ ఫ్రైడే వచ్చేది మిరపకాయల రోజుల్లోనే. ముందురోజంతా అత్తయ్య కళ్ళంలో కూర్చుని ఎండుకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరి వచ్చారు. ఆ కారం చేతులకు పట్టిందంటే నీళ్ళకు పోదు. నాకైతే రెండు రోజులు మండుతుంది. అత్తయ్య చేతులకు మాత్రం ఆ మంట తెలియడం ఎప్పుడో మానేసింది. పొద్దున్నే ఆవిడ పిండి ముందు కూర్చోగానే భయం వేసింది.

"చేతులు కడుక్కున్నారా అత్తయ్యా?"

"లేదమ్మా, పేడలో పెట్టి తెచ్చా. నీ మొగుడు ఈ చేతి ముద్దలు తినే అంతవాడయ్యాడు."

"అది కాదండీ, నూనె రాసి కడిగితేగానీ కారం వదలదు."

"నీ చదువు పిండిలో పడిద్ది, పక్కకు జరుగు."

జరిగాను.

ఆరాధన పన్నెండు నుంచి మూడింటి దాకా. ఎండలో పిల్లాడెందుకని మస్తాన్‌బీ పిన్ని దగ్గర వదిలాను. పెరుగన్నం డబ్బా, కాచి చల్లార్చిన నీళ్ళ సీసా ఇచ్చి, ఇవి తప్ప ఏమీ పెట్టొద్దని చెప్పాను. గడప దాటాక మళ్ళీ చెప్పాను. వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చి ఇంకోసారి చెప్పాను.

"పోవే తల్లీ, ఇట్టాగైతే నువ్వు చర్చికి చేరేసరికి మీ ఈస్టర్ కూడా వచ్చేసిద్ది" అంది పిన్ని.

ఆ రోజు పాస్టరుగారు పట్టుకున్నది ఒక్కటే సంగతి. సిలువ మీద క్రీస్తు ఒక్కడే చనిపోలేదు, ఆయనతోపాటు మనమూ చనిపోయాం, అందుకే ఇప్పుడు ఆయన బతుకు మన లోపల ఉంది అన్నారు. ఈ రొట్టె తిన్నవాళ్ళం ఆయనతో ఒకటి, ఒకళ్ళతో ఒకళ్ళం ఒకటి. కాలి వేలికి ముల్లు గుచ్చుకుంటే ఒళ్ళంతా ఉలిక్కిపడదా అని అడిగారు.

చిన్నప్పటి నుంచి వింటున్నదే. నేను ఆగిపోయేదీ అక్కడే. ఎప్పుడో ఒకాయన పడిన బాధ నా వరకు ఏ దారిన వస్తుంది? ఒకరి నొప్పి ఇంకొకరిలోకి వెళ్ళదు. వెళ్ళేదైతే నా కొడుకు గొంతులో అడ్డం పడిందేదో నా గొంతులోకి తీసుకోనా? ఆ రోజూ అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. పిన్ని వాడికి జంతికలు గానీ పెట్టలేదు కదా అని మధ్యమధ్యలో.

మా పాస్టరుగారికి ఒక దిగులుంది. ఇన్నేళ్ళుగా క్రీస్తు మరణం గురించి చెబుతున్నా మాలో ఒక్కరికీ కన్ను చెమర్చదు. రొట్టె అందరికీ పంచాక ఆయన చివరన తీసుకుంటారు. మేం నోట్లో పెట్టుకున్నాం. ముందు వరసలో సంఘ పెద్ద కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన పక్కాయన ముక్కు ఎగబీల్చాడు. ఆడవాళ్ళ కొంగులు నోళ్ళ మీదికి వెళ్ళాయి. నా నాలుక మీద నిప్పు పెట్టినట్టయింది.

పాస్టరుగారు మా కన్నీళ్ళు చూసి పొంగిపోయారు. "స్తోత్రం! ఇన్నాళ్ళకు కరిగారు! ఆపుకోకండి, ఏడవండి!" అని మైకులో అరిచి, అదే ఊపులో తన ముక్క నోట్లో వేసుకున్నారు. ఆ తర్వాత మాట రాలేదు, దగ్గు వచ్చింది. మైకు చేతిలోనే ఉంది కాబట్టి ఊరంతా విన్నది.

"అయ్యగారూ, ఆ ద్రాక్షరసం తొందరగా ఇప్పించండయ్యా" అని సంఘ పెద్ద బతిమాలాడు. ఆ గిన్నె కోసం మావాళ్ళు అంత ఆత్రపడడం నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య ఒక్కరే నెమ్మదిగా నములుతూ, "కమ్మగానే ఉందిగా! గుంటూరోళ్ళమని చెప్పుకోవడానికి సిగ్గుండాలి" అన్నారు.

ఇక్కడి దాకా వింతేమీ లేదు. ఇదంతా కెమిస్ట్రీ.

ప్రార్థన ముగియగానే ఇంటికి పరుగెత్తాను. మస్తాన్‌బీ పిన్ని సన్నీని చంకనేసుకుని వీధిలోకి ఎదురొచ్చింది. ఆవిడ ముఖం మామూలుగా లేదు.

"అమ్మాయ్, మాట్లాడాడే! చాప మీద మూతలతో ఆడుకుంటా ఆడుకుంటా మూతలు వదిలేసి, నోటి మీద చెయ్యి పెట్టుకుని 'అమ్మ కారం' అన్నాడే. గంట కొట్టినట్టు అన్నాడు. నేను ఇంకా తేరుకోలేదు, అప్పుడు మొదలయింది మైకులో మీ అయ్యగారి దగ్గు."

ఎన్నాళ్ళనుంచో ఎదురుచూసిన మాట. నేను సంతోషించాలి కదా! "వాడికేం పెట్టావు పిన్నీ?" అన్నాను.

"నీ పెరుగన్నమేనే, అల్లా తోడు! పిల్లోడికి మాటొచ్చిందంటే ఏం పెట్టావంటావేందే?"

సన్నీ నోరు తెరిచి చూశాను. నాలుక మీద ఎరుపు లేదు. చేతులు వాసన చూశాను. పెరుగు వాసన. డబ్బాలో మిగిలిన అన్నం రుచి చూశాను. నా నోరే మండుతోంది కాబట్టి ఆ పరీక్ష చెల్లదని అప్పుడు గుర్తొచ్చి పిన్నితో తినిపించాను. "కారం సంగతి దేవుడెరుగు, ఉప్పు కూడా లేదు, పాపం పసోడు" అంది.

నా నోరు మండుతోందని నేను ఎవరికీ చెప్పలేదు. సన్నీ చంకలోంచి ముందుకు వంగి, రెండు చేతులతో నా ముఖం పట్టుకుని, నా పెదాల మీద ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. వాడి ముద్ద వేడిగా ఉంటే నేను ఊదేది అలాగే. "అమ్మ కారం" అన్నాడు.

వీధిలోనే కూలబడి ఏడ్చాను. అది మాత్రం రొట్టె వల్ల కాదు.

మావారు కళ్ళం నుంచి ఘాటు గాలికి వచ్చి ఉంటుందన్నారు. మరి పిన్నికి ఒక్క తుమ్మయినా రాలేదే? కారం అన్న మాట ఇంట్లో రోజూ వింటాడన్నారు. ఒప్పుకుంటాను. మరి దగ్గు వినపడకముందే ఎందుకన్నాడు? అమ్మ అని ఎందుకు కలిపాడు? అత్తయ్య అదంతా వస మహిమ అంటారు. పిన్ని తాయెత్తు అంటుంది. డాక్టరుగారు నేను ముందే చెప్పానుగా అన్నారు.

పాస్టరుగారికి చెబితే మొదట పడీపడీ నవ్వారు. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయారు.

"బాబు రొట్టె తినలేదు కదమ్మా?"

"లేదండి. తిన్నది నేను."

 

చదువుకున్నదాన్ని కదా, ప్రయోగం కూడా చేశాను. సన్నీ పక్కింట్లో ఆడుకుంటుంటే వంటింట్లో పచ్చిమిరపకాయ కొరికాను. వాడికేమీ కాలేదు. నాకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నా ప్రతి మంటా వాడి దాకా వెళ్ళనందుకు సంతోషమే. ఆ ఒక్క రోజు ఏ దారిన వెళ్ళిందో తెలియదు. సిలువ గురించి పాస్టరుగారు చెబుతున్నప్పుడు మాత్రం ఆ పాత ప్రశ్న ఇప్పుడు అడగబుద్ధి కావడం లేదు.

ఇవాళ సాయంత్రం పచ్చడికి పండుమిరపకాయల తొడిమలు తీశాను. నూనె రాసి కడిగినా వేళ్ళు ఇంకా మండుతున్నాయి. వాడికి చెప్పలేదు. ఇది రాస్తూ మధ్యలో లేచి, అలవాటు కొద్దీ, వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

కళ్ళు తెరవకుండానే నా వేలి మీద ఉఫ్ అని ఊదాడు.