చుక్కలు గుద్దే యంత్రం ఆగేదాకా

నీటి సరఫరా కార్యాలయంలో ఆమె ఫిర్యాదుల గుమాస్తా. పదకొండేళ్లుగా ఆమెకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. దానికి జీతం లేదు, సెలవూ లేదు. మామూలు పుస్తకాన్ని అంధులు వేళ్లతో చదివే చుక్కల లిపిలోకి మార్చే చిన్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని ఆమే రాసింది, ఆమే నిలబెడుతోంది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

నెట్‌లో తోటి ప్రోగ్రామర్లు ఆమెకు పెట్టిన పేరు ‘పాతసామాను’. భోజనాల బల్ల కింద పదిహేనేళ్లనాటి కంప్యూటర్ ఒకటి ఉంచుకుంది. ఏ మార్పు చేసినా దానిమీద నడిపి చూడనిదే బయటికి వదలదు. దాని పుణ్యమా అని ఇంటిల్లిపాదీ కాళ్లు ముడుచుకునే భోంచేస్తారు.

ఈ మొండితనానికి మూలం తమ్ముడు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. చుక్కల లిపి ముద్రణాలయంలో వేలికొనలతో ప్రూఫులు దిద్దుతాడు. కాగితం మీద చుక్కలు గుద్దే అక్కడి యంత్రం ఒకే ఒక పాత కంప్యూటర్ మాట వింటుంది. ఆ కంప్యూటర్‌లోకి ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ తప్ప కొత్తది ఎక్కదు.

ఒక సోమవారం ఉదయం దాని డిస్క్ పోయింది. కొత్త డిస్క్ వేసి, ఆమె ప్యాకేజీని మళ్లీ ఎక్కించారు. యంత్రం కదల్లేదు. లెక్కల పుస్తకం నలభై ప్రతులు శుక్రవారానికల్లా బడికి చేరాలి. ఆపై వారమే పరీక్ష.

“అక్కా, నీ ప్రోగ్రాం మౌనవ్రతం పట్టింది,” అన్నాడు తమ్ముడు ఫోన్‌లో.

“స్క్రీన్ మీద ఏముందో ఎవరినైనా చదవమను.”

“చదివారు. ఏదో తిట్టులా ఉంది. నిన్నే అయ్యుంటుంది.”

ఆమె సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చింది. పది నిమిషాల్లో తప్పు దొరికింది, తనదే. ఫైళ్లు తెరిచి చదవడానికి ఆమె ప్యాకేజీ వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ కట్ట, అంటే లైబ్రరీ మీద ఆధారపడుతుంది. ఏ వెర్షన్ కావాలన్న చోట ‘ఫలానాది, లేదా ఆపై ఏదైనా’ అని రాసి ఊరుకుంది. ఆ లైబ్రరీవాళ్లు కిందటి వారమే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్‌కు నీళ్లొదిలారు. పాత కంప్యూటర్‌లో ప్రోగ్రాములు ఎక్కించే ఇన్‌స్టాలర్‌కు పొసగుతుందా లేదా అని చూసే అలవాటు లేదు. కొత్తది కనబడింది, తెచ్చిపెట్టింది.

ప్యాకేజీ బాగోగుల్లో ఆమెకు తోడుండే మరో ప్రోగ్రామర్ ఉన్నాడు, తొందర మనిషి. ఆమె సంగతి రాసి పంపగానే అతను ఫోన్ చేశాడు.

“మేడమ్, లోకమంతా ఆ పాత వెర్షన్‌ని వదిలేసింది. మనమూ వదిలేద్దాం. వాళ్లని కొత్త యంత్రం తెచ్చుకోమనండి.”

“యంత్రం గుండ్రాయిలా ఉంది. చెయ్యి వదిలింది మన ప్రోగ్రామర్లే.”

“పోనీ, ఆ లైబ్రరీ పాత వెర్షన్‌కే కట్టేద్దామంటే, దానికి ఇక మరమ్మతులు రావు. ఎన్నాళ్లు మోస్తారండీ?”

“మోసేది నేను. ఆయాసం నీకెందుకయ్యా?”

మరమ్మతుల మాట మాత్రం న్యాయమైనదే. ఆమె కాదనలేదు. ఆ లైబ్రరీని విప్పి చూసింది. వేల వరసల కోడ్‌లో తను వాడుకుంటున్నది రెండే రెండు పనులు. గూట్లో దీపం పెట్టుకోవడానికి ఇల్లంతా అద్దెకు తీసుకున్నట్టుంది. ఆ రెండు పనులూ డెబ్భై వరసల్లో స్వయంగా రాసుకుని లైబ్రరీకి దణ్ణం పెట్టింది. ముందు భాష సరికొత్త వెర్షన్ మీద నడిపింది. తర్వాత బల్ల కింద దూరి పాతదాని మీద నడిపింది. మంగళవారం సాయంత్రం ముద్రణాలయానికి పంపింది.

బుధవారం తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు.

“నలభై ఒకటో పేజీ రెండుసార్లు పడిందక్కా. లెక్కల పుస్తకానికే లెక్క రాకపోతే ఎలా?”

“అవి నీ వేళ్లా, సూదులా?”

“ఆ లైబ్రరీవాళ్లయితే ఇలా చేసేవాళ్లు కాదు.”

“వాళ్లయితే నీ ఫోనే ఎత్తేవాళ్లు కాదు. పెట్టెయ్.”

ఆ తప్పూ సరిదిద్దింది. గురువారమంతా యంత్రం చుక్కలు గుద్దుతూనే ఉంది. శుక్రవారం ఉదయం నలభై ప్రతులూ బడికి చేరాయి.

ఆ మార్పును అందరికీ విడుదల చేసేటప్పుడు తొందర మనిషి ఇంకో పేచీ పెట్టాడు. పాత వెర్షన్‌కు మద్దతు ఏ తేదీతో ముగుస్తుందో రాయాలి, అందరూ రాస్తారు అన్నాడు. ఆమె అక్కడ ‘ఆ యంత్రం ఆగిన రోజు’ అని రాసింది. అతను కొట్టేసి తేదీ వేశాడు. ఆమె తేదీ కొట్టేసి మళ్లీ అదే రాసింది. మూడోసారి అతను ముట్టుకోలేదు, ఫోన్ చేశాడు.

“యంత్రం ఆగిందని మనకెలా తెలుస్తుంది మేడమ్?”

“మా తమ్ముడున్నాడుగా. నన్ను తిట్టే అవకాశం వాడు చస్తే వదులుకోడు.”