నాలుగో అంతస్తు తాడు

మా వీధిలో పై అంతస్తుల వాళ్ళెవరూ చిన్నపనికి మెట్లు దిగరు. బాల్కనీలోంచి తాడు వేలాడదీస్తారు. కింది చివర క్లిప్పు, పైన గంట. కింద లాగితే పైన మోగుతుంది. పేపరైనా, ఉత్తరమైనా, కూరల సంచైనా దానికే తగిలిస్తాం. రంగూన్ అంతా ఇంతే.

నాలుగో అంతస్తులో సాన్ సాన్ యీ పిన్ని ఉండేది. నవలలు రాసేది. వాటిని భాగాలుగా అచ్చేయించి, వీధి మొదట్లో తన షాపులో అద్దెకిచ్చేవాడు ఊ ఫో తాన్. నా మొహింగా బండి సరిగ్గా ఆ తాడు కిందే. మొహింగాలోకి చేపల పులుసు మరిగేలోపు ఎంతమంది ఆ తాడు లాగేవారో! అందరివీ చీటీలే. "పిన్నీ, కథలో ఆ డాక్టరు చూపు మంచిది కాదు, నీ పిల్లని వాణ్ణి నమ్మొద్దను" అని ఒకరు. "పోయిన భాగంలో మా అత్తని భలే దించావు" అని ఇంకొకరు.

ఆ ఏడు నవలలో నాయిక ఇస్త్రీ చేసుకు బతికే మనిషి. మొగుడు ఓడెక్కి వెళ్ళి ఆరేళ్ళు. తిరిగొస్తాడా, రాడా? చివరి భాగం ఒక్కటే మిగిలింది. ఆవిడ రాస్తుంది, చింపుతుంది. బాల్కనీలోకి వస్తుంది, లోపలికి పోతుంది.

ఊ ఫో తాన్ కింద నిలబడి అరిచాడు. "నీళ్ళ పండగకి ప్రెస్సు మూసేస్తారమ్మా! ఈలోగా ఇవ్వకపోతే ఇంకొకరి చేత రాయించేస్తా!"

"నా పిల్ల బతుకు ముక్కూ మొహం తెలియనివాడు తేలుస్తాడా?" అని పైనుంచి కేక.

మర్నాడు చూస్తే తాడు లేదు. గంటల గోల పడలేక, ఎవరికీ చెప్పకుండా ఏరు దాటి డలాలో తమ్ముడింటికి పోయిందట. అక్కడ చెట్లు, గాలి, చప్పుడు లేని ఇల్లు. ఐదు రోజులు వరండాలో ఆ కొసకీ ఈ కొసకీ నడిచిందట. ఒక్క ముక్క రాయలేదు.

"ఎవరూ పిలవరు, ఎవరూ తిట్టరు. నా పిల్ల మాట్లాడటం మానేసిందే" అంది నాతో, తిరిగొచ్చాక. పండగ ఇంకా మూడు రోజులే.

తాడు మళ్ళీ దించింది. ఎవ్వరూ లాగలేదు. మా వీధిలో చెప్పకుండా తాడు పైకి లాక్కోవడమంటే మొహం మీద తలుపేసినట్టే. పొద్దున్నుంచీ బాల్కనీలోనే నిలబడింది. గాలికి గంట కదిలినా కిందికి వంగి చూసేది. చివరికి మెట్లు దిగి నా బండి దగ్గర పీట మీద కూలబడింది.

ఎదురింట్లో బట్టలు ఇస్త్రీ చేసే మా ప్యూ, ఇస్త్రీపెట్టె పట్టుకునే వచ్చింది. ఆమె మొగుడూ ఓడ మీదే పోయాడు.

"నా బతుకంతా పుస్తకంలో రాసుకుని, నేను అడుగుతానని తాడు ఎత్తేశావా పిన్నీ?"

"కాదే తల్లీ! ఏం రాయాలో తోచక పోయానే. నువ్వే చెప్పు, కథలో వాణ్ణి తీసుకురానా?"

"తేవద్దు! వస్తే వాడి చొక్కాలు కూడా నేనే ఇస్త్రీ చెయ్యాలి!"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. పీటల మీద వాళ్ళంతా ఒకటే నవ్వు. మా ప్యూ మాత్రం నవ్వలేదు. "కానీ ఓడ కూత వినపడితే గుమ్మంలోకి వెళ్తుందని రాయి. వెళ్తుంది కదా మరి" అంది మెల్లగా.

సాన్ సాన్ యీ నేనిచ్చిన గిన్నె అలాగే వదిలేసి మెట్లెక్కింది. నాలుగు అంతస్తులు, ఆ వయసులో, ఆగకుండా.

మర్నాడు మధ్యాహ్నం కాగితాల కట్ట తాడు మీద ఊగుతూ దిగింది. ఊ ఫో తాన్ చెయ్యి చాచాడు. మా ప్యూ అతన్ని పక్కకు నెట్టి, మధ్య పేజీలు వదిలేసి చివరి కాగితం చదువుకుంది. నేనూ తొంగి చూశాను: ఓడ కూత ఉంది, గుమ్మం ఉంది, మొగుడు లేడు. కట్ట ఊ ఫో తాన్ చేతిలో పెట్టి, తాడు రెండుసార్లు లాగింది.

పైన గంట మోగగానే సాన్ సాన్ యీ తల బయటికొచ్చింది, నా బండి వైపు.

"మా ప్యూ ఏమందే? బాగుందందా?"