డబ్బాకు కరెంటు

మా బావ ఆ క్యారవాన్‌ను ఇంటికి తెచ్చిన రోజు గల్లీ అంతా చూడటానికి వచ్చింది. సినిమా షూటింగుల దగ్గర నటీనటులు కూర్చునే గదులను జీపుతో లాక్కెళ్లడం బావ పని. ఇంజను లేకుండా రెండు చక్రాల మీద నిలబడే రేకు గది అది. లోపల ఒక మంచం, చిన్న ఏసీ, చుట్టూ బల్బులు బిగించిన నిలువుటద్దం. పాతబడిందని షూటింగు వాళ్లు తీసేస్తుంటే బావ తీసుకున్నాడు. పని మానేశాక మా అక్కను ఎక్కించుకుని ఊళ్లు తిరగాలని ఆయన ఆశ. ఉప్పుగూడలో మా ఇంటి గోడ పక్కన జాగా ఉండటంతో తెచ్చి అక్కడ నిలిపాడు. గల్లీవాళ్లు దాన్ని డబ్బా అన్నారు, మేమూ అదే అనడం మొదలుపెట్టాం.

డబ్బా ఏ ఊరికీ వెళ్లలేదు. ఆ చలికాలంలోనే అక్క ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని డాక్టర్లు చెప్పారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నటి గొట్టంతో ముక్కుకు అందించే మిషను రాసిచ్చారు. అది పగలూ రాత్రీ నడవాలి. వాళ్లు సంతోష్‌నగర్‌లో అద్దెకుండే ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఇంట్లో ఉంచుకుందామంటే ముందు గదిలో నా కుట్టు మిషను, రోజంతా బట్టల నూగు. అది లోపలికి పోతే అక్క దగ్గు ఆగదు. ఏం చేద్దామని అందరం తల పట్టుకుని కూర్చుంటే దారి అక్కే చెప్పింది.

"డబ్బాల ఉంట. చక్రాలు తిరిగితె ఏంది, తిరగకపోతె ఏంది? నీడ ఉన్నది, ఏసీ ఉన్నది."

బావ అదే రోజు ఒక చుట్ట వైరు తెచ్చి మా కిటికీ పక్కనున్న ప్లగ్గులో పెట్టి డబ్బాకు తగిలించాడు. సన్నటి వైరు. కొన్నప్పటి ప్లాస్టిక్ చక్రానికి చుట్టింది చుట్టినట్టే ఉంది. ఏసీ వేసిన కాసేపటికి నేను ఆ చుట్ట మీద చేయి పెట్టి చూశాను. అప్పుడే పెనం మీద నుంచి తీసిన రొట్టెలా ఉంది. వెంటనే ప్లగ్గు పీకేశాను.

"ఏమైంది పిల్లా? షూటింగుల గిట్లనే పెట్టేటోళ్లం," అన్నాడు బావ.

"అక్కడ జనరేటర్ బండి ఉంటది బావా. ఇది లైట్లకు, ఫ్యాన్లకు పెట్టుకునే ప్లగ్గు."

నేను ఏడో తరగతి దాకానే చదువుకున్నాను. మిగతా చదువంతా సంతోష్‌నగర్ వైపున్న గ్రంథాలయంలోనే. మొదటిసారి వెళ్లింది నా కుట్టు మిషను మోటారు మాటిమాటికీ కాలిపోతుంటే ఎందుకో తెలుసుకుందామని. పేపర్లు చదివే మగవాళ్లను దాటుకుని వెళితే చివర్లో ఒక బీరువా ఉంటుంది. ఐటీఐ పిల్లల కోసం తెలుగులో రాసిన విద్యుత్తు పుస్తకాలు అందులో ఉన్నాయి. నేను తీసేదాకా వాటి మీద దుమ్ము కదిలినట్టు లేదు. అర్థం కాని పేజీని మూడుసార్లు చదివేదాన్ని. ఆ బీరువాలో నేను చదవని పుస్తకం లేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.

వాటిలో చదివినదంతా అక్క కోసం బయటికి తీశాను. వైరు నీళ్ల పైపులాంటిది. సన్నదానిలో ఎక్కువ పారిస్తే వేడెక్కుతుంది, చుట్టి ఉంచితే ఆ వేడి బయటికి పోదు. అందుకని మందపాటి రాగి కేబులు, ఎంత కావాలో అంతే పొడవు, చుట్ట లేకుండా సాపుగా వేయాలి. పెద్ద ప్లగ్గు వాడాలి, దానికి మీటరు దగ్గర నుంచి వేరే వైరు రావాలి. అప్పుడు కూడా ఇంటి ప్లగ్గు డబ్బాలో ఉన్నవన్నీ ఒకేసారి మోయలేదు. రేకుకు కరెంటు తగిలితే దాన్ని నేలలోకి దింపే ఎర్త్ వైరు పనిచేయాలి. మా వాకిట్లో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గుంత ఎండి రాయిలా అయింది. దాన్ని తవ్వించి మళ్లీ నింపించి, రోజూ ఒక బకెట్ నీళ్లు పోయడం మొదలుపెట్టాను.

మొఘల్‌పురా నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ కేబులు చూసి నవ్వాడు.

"ఆపా, గింత మందమా? లిఫ్టు పెడ్తున్నరా ఏంది?"

"లిఫ్టు కాదు భాయ్. మా అక్కను పెడ్తున్న అండ్ల."

అతను డబ్బా తలుపులోంచి అక్కను చూశాడు. మళ్లీ ఎగతాళి చేయలేదు. నేను అడిగిన లీకేజీ బ్రేకరు కూడా ఇంట్లో ప్లగ్గు దగ్గర బిగించాడు. వెళ్లిన కరెంటు వెళ్లినంతా వెనక్కి రాకపోతే, ఎక్కడో మనిషిలోంచో తడి గోడలోంచో కారిపోతోందని అది కనిపెట్టి లైను కొట్టేస్తుంది. నాలుగు వైపులా రేకే ఉన్న గదిలో మనిషిని పడుకోబెట్టినప్పుడు అది లేకుండా నాకు నిద్ర పట్టదు.

అక్కకు ఒకే నియమం పెట్టాను. ఏసీ నడుస్తుంటే కరెంటు కెటిల్ పెట్టకూడదు.

"చాయ్ తాగాల్నంటె చెమట పట్టాలె, సల్లగుండాల్నంటె చాయ్ బంద్ జెయ్యాలె," అంది అక్క. "మస్తుగుంది చెల్లె నీ చదువు."

అద్దం మీద దుప్పటి కప్పమంది. నేను కప్పాను. ఎండాకాలమంతా ఆమె ఆ మంచం మీదే గడిపింది. పగలు నేను బ్లౌజులకు హుక్కులు కుట్టే పని తెచ్చుకుని ఆమె దగ్గర కూర్చునేదాన్ని. మాట్లాడితే ఆయాసం వస్తుందని ఆమె రానురాను మాట్లాడటం తగ్గించేసింది. మిషను గురగుర మాత్రం వినిపించేది.

తర్వాత ఆషాఢం వచ్చింది, మా గల్లీకి బోనాలు వచ్చాయి.

బోనాల లైట్లకు మా దగ్గర ఎవరూ ఎవరినీ కరెంటు అడగరు. ఎవరి ఇంటి ముందు లైట్లకు ఆ ఇంటి కరెంటే. అమ్మవారికిచ్చేదానికి అడగడమేమిటని తాతల నాటి నుంచీ అందరి మాట. ప్రతి ఏడూ నేనే కిటికీలోంచి ఒక వైరు బయటికి వేలాడదీసేదాన్ని, బోనాల కమిటీ వాళ్లు వచ్చి లైట్ల దండలు కలుపుకునేవాళ్లు. ఆ ఏడు అక్క ధ్యాసలో పడి వైరు వేయలేదు.

బోనాల ఆదివారం మధ్యాహ్నం దాటాక సన్నటి తుంపర మొదలైంది. కాసేపటికి డబ్బాలోంచి బావ కేక వినిపించింది. మిషను ఆగిపోయింది. ఇంట్లోకి పరుగెత్తి ప్లగ్గు దగ్గరి బ్రేకరు చూశాను, పడిపోయి ఉంది. ఎత్తితే మళ్లీ పడింది. డబ్బాలోకి వెళ్లి, బావా నేనూ అక్క ముక్కు గొట్టాన్ని చిన్న సిలిండరుకు మార్చాం. అది ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలో వాడమని ఇచ్చింది, సాయంత్రం దాటి రాదు.

"ఆ బ్రేకరే తీసెయ్!" అన్నాడు బావ. "డైరెక్ట్ పెట్టు. మనిషికి ఊపిరాడకుంటె నీ పుస్తకాలేంది మధ్యల?"

"ఎక్కడ్నో కరెంటు కారుతుంది బావా. డైరెక్ట్ పెడితె ఈ రేకుకు కరెంటొచ్చినా మనకు తెల్వది. అక్క చెయ్యి సూడు, ఏడున్నదో."

అక్క చేయి పక్కనున్న రేకు గోడను పట్టుకుని ఉంది. బావ దాన్ని తీసి తన చేతుల్లో పెట్టుకున్నాడు.

ఇంట్లో ప్లగ్గు పీకేసి కేబులు వెంబడి బయటికి నడిచాను. గేటు మీదుగా డబ్బాకు వెళ్లేచోట కేబులు తోలు చీల్చి ఉంది. లోపలి రాగికి లైట్ల దండ కొసలు మెలేసి, పైన పాల పాకెట్ కవరు చుట్టారు. కవరులో నీళ్లు నిండి ఇనుప గేటు మీదికి కారుతున్నాయి.

కమిటీలో తిరిగే మా ఎదురింటాయనను పిలిచి చూపించాను.

"అయ్యో వదినా, ప్రతి సాలు మీ ఇంటికెల్లె తీసుకుంటం గదా! ఈసారి కిటికీకి వైర్ లేకుండె. గిదైతె బయటనే ఉన్నది, మంచి మందంగ ఉన్నది. అమ్మవారి లైట్లకు అడుగుడేందని తగిలించిండ్రు మనోళ్లు."

ఆయన్ను ఏమనను? ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. చీల్చిన చోటి నుంచి కొస దాకా కోసేసి, మిగిలిన కేబులును బిగువుగా లాగి డబ్బా వైపు సాకెట్ మళ్లీ బిగించాను. ప్లగ్గు పెట్టి ఎత్తితే బ్రేకరు నిలబడింది. కానీ మిషను మీద ఎర్ర లైటు వెలిగి కూత మొదలైంది. డబ్బాలో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా తిరుగుతున్నాయి. గల్లీ నిండా లైట్లు, రెండు మైకు సెట్లు. వోల్టేజీ మిషనుకు పెట్టిన స్టెబిలైజరు కూడా లేపలేనంత కిందికి పడిపోయింది. గల్లీలో లైట్లు తగ్గితే తప్ప అక్క మిషను నడవదని ఎదురింటాయనకు చెప్పాను.

"ముందుగాల చెప్పొద్దా వదినా!" అంటూ ఎదురింటాయన వానలోనే పరుగెత్తాడు. అరుపులు వినిపించాయి, ఏదో లొల్లి అయింది. తర్వాత మైకు ఆగింది. ఒక్కో ఇంటి ముందు లైట్లు ఆరుతూ వచ్చాయి. ఫ్యాను వేగం పుంజుకుంది, మిషను కూత మానింది. అక్క గొట్టాన్ని మళ్లీ మిషనుకు మార్చాం.

అప్పటికి మసక పడింది. బోనాలెత్తుకున్న ఆడవాళ్లు మా గల్లీలోకి వచ్చారు. చీకట్లో మనుషులు కనబడటం లేదు, తలల మీది కుండల పైన దీపాలు మాత్రం కదిలి వస్తున్నాయి. అక్క కిటికీలోంచి చూస్తోంది.

"లైట్లేవి?"

"కరెంటు తక్కువున్నది," అన్నాడు బావ.

బయట ఒక ముసలామె గొంతు గట్టిగా వినబడింది. "సాలుకొక్క దినం వచ్చే తల్లికి చీకటి చేస్తరా? ఒక్క మనిషి కోసం?"

ఎవరో ఆమె నోరు మూయించారు. అక్క బావ మణికట్టు పట్టుకుంది.

"దవాఖానకు తోల్కపో."

"ఎందుకే? మిషన్ మంచిగ నడుస్తుంది గదా!"

"నడుస్తది. దీన్ని నడిపేతందుకు ఇంకెంతమంది దీపాలు ఆర్పాలె?"

నేను వద్దన్నాను. ఇవ్వాళొక్కరోజే కదా, రేపటికి అంతా మామూలవుతుందని చెప్పాను. ఆమె నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. సిలిండరులో మిగిలినది దారికి సరిపోతుందని నేనే చూసి చెప్పాల్సి వచ్చింది. ఎదురింటాయన కారు తెచ్చాడు. బోనాల వాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఒకామె కుండ దించకుండానే చేయి చాచి అక్క నుదుటికి పసుపు పెట్టింది. కారు మలుపు తిరగ్గానే గల్లీలో లైట్లు వేశారు.

ఆసుపత్రిలో మంచం తల దగ్గర గోడలోంచే ఆక్సిజన్ వస్తుంది. అక్కడ నేను చూసుకోవాల్సింది ఏమీ లేకపోయింది. పగలు అక్క దగ్గర కూర్చుని సాయంత్రం ఇంటికి వచ్చేదాన్ని. ఏం చదువుదామన్నా అక్షరాలు కంటికి ఆనేవి కావు.

ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండగా బావ ఫోన్ చేశాడు. గొంతు చాలా రోజుల తర్వాత హుషారుగా ఉంది.

"పిల్లా, ఇయ్యాల కండ్లు తెరిచి మంచిగ చూసింది. డబ్బాకు పోదామా అంటె తలూపింది. జర పోయి ఏసీ ఏసి పెట్టు. ఆ రేకు దిగ్గున సల్లారదు."

నేను వెళ్లి ఏసీ వేశాను. మంచం దులిపి, దుప్పటి మార్చి, తలుపు వేసుకుని ఆ చలిలో కూర్చున్నాను. ఆయన రెండోసారి ఫోన్ చేసినప్పుడు ఏడుస్తున్నాడు, ఏసీ సంగతి ఎత్తలేదు.