ఎర్రగీత ఏ చెరుకుది

మా చెల్లెలి బిడ్డ డిచ్‌పల్లి క్యాంపస్‌లో స్టాటిస్టిక్స్ చదువుతోంది. నిన్న పొద్దున నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి, ఆర్ అనే కంప్యూటర్ భాషలో గీసిన గ్రాఫు ఒకటి చూపించింది. ఏ రంగు గీత దేనిదో చెప్పే చిన్న పెట్టె, అదే లెజెండ్, దానంతటదే వచ్చి పక్కన కూర్చుంది. రంగులు సరిచూశావా అని అడిగితే, గదంత అదే సూసుకుంటది పెద్దమ్మా అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. ఆ పెట్టె ఒకసారి నన్ను నలుగురిలో దోషిగా నిలబెట్టింది మరి.

ఇరవై ఏళ్ల కిందటి మాట. బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో, చెరుకు పరీక్షల అంకెలన్నీ నా చేతిలో ఉండేవి. కంప్యూటర్ గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లే రోజులవి, మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ ఆఫీసులో ఆర్ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి నేను మరచిపోయేదాన్ని కాదు, ఇంకొకరిని మరచిపోనిచ్చేదాన్నీ కాదు. నేను వాడే పద్ధతిలో లెజెండ్ పెట్టాలంటే పేర్ల వరుస ఒకటి, రంగుల వరుస ఒకటి మనమే విడివిడిగా రాసివ్వాలి. గీతలు ఏ రంగులో గీశామో దానికి పట్టదు, ఏం రాసిస్తే అది దర్జాగా వేసిపెడుతుంది.

ఆ ఏడు క్యాంపుల్లో, అంటే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడ్డ రైతుల ఊళ్లలో, కొత్త రకం చెరుకు మొదటిసారి వేశారు. నవీపేట్ వైపు మనవాళ్లు పాత రకాన్నే నమ్ముకున్నారు. ఏది ముందు పండితే దానికి ముందు కోత పర్మిట్లు ఇవ్వాలి, ఎందుకంటే పండిన చెరుకు పొలంలో నిలిచిపోతే ఎండిపోయి తూకం పడిపోతుంది. వారం వారం రసంలో తీపి ఎంతుందో గ్రాఫు గీసి నేను గేటు దగ్గరి బోర్డుకు అతికిస్తే, మా సారు దాన్ని చూసే పర్మిట్లు రాసేవారు. ఆ వారం ఎర్రగీత బాగా పైకి పోయింది, పెట్టెలో ఎరుపు పక్కన కొత్త రకం అని ఉంది. పర్మిట్లన్నీ క్యాంపులకు వెళ్లాయి. మనవాళ్లు భగ్గుమన్నారు. నేనేమో, నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు, కంప్యూటర్‌కు పక్షపాతం ఉండదని వాళ్లకు పాఠం చెప్పి పంపాను.

మూడో రోజు మధ్యాహ్నం నవీపేట్ వైపు నుంచి ఒక అవ్వ రెండు చెరుకు గడలు భుజాన వేసుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. ఎకరం చెరుకు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. ఒక గడ తన పొలంలోది, ఇంకొకటి క్యాంపులో తెలిసిన రైతును అడిగి తెచ్చింది. రెండింటి కొసలూ విరిచి నా ముందు పెట్టింది. చెరుకు మొదలు ఎప్పుడూ తీయగానే ఉంటుంది, పండిందో లేదో కొస చెబుతుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు; ఇంత చదివిన నేను మాత్రం ఒక్క గడనూ కొరికి చూడకుండా సీజనంతా గ్రాఫులు గీశాను.

“నీ కాయితం నాకు సదవరాదు బిడ్డా. నీకు నోరున్నది గద, నమిలి సూడు. నా చెరుకు నిలవడి ఎండుతున్నది,” అన్నది.

నమిలాను. ఆమె గడ కొసదాకా తీపే, క్యాంపు గడ కొస చప్పగా, కాస్త ఉప్పగా ఉంది. కంప్యూటర్‌లో రాసింది తెరిచి చూద్దును కదా, పాత రకాన్ని ముందు ఎర్రగా, కొత్తదాన్ని తర్వాత పచ్చగా గీశాను; లెజెండ్‌లో మాత్రం కొత్త, పాత అని అక్షరాల వరుసలో పేర్లు రాసి, రంగులేమో గీసిన వరుసలోనే ఇచ్చాను. తల కొట్టేసినట్టయింది. వచ్చే వారం గుట్టుగా సరిచేస్తే ఎవరికి తెలుస్తుందన్న బుద్ధి కూడా పుట్టింది, అబద్ధమెందుకు. కానీ అవ్వ అక్కడే నిలబడి ఉంది.

ఆమెను వెంటబెట్టుకుని సారు దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను, ఆ తర్వాత గేటు దగ్గర ట్రాక్టర్ల వరుసలో ఉన్న రైతులందరి ముందూ కాగితం చింపి అదే మాట మళ్లీ చెప్పాను. తిట్లు బాగానే పడ్డాయి. క్యాంపు రైతు ఒకాయన తల గోక్కుంటూ, “మాది ఇంకా పచ్చిదేనని మాకూ అనుమానమేనమ్మా, పర్మిట్ వచ్చింది కదా అని నరికేశాం,” అన్నాడు. అవ్వకు మర్నాడే పర్మిట్ వచ్చింది. ఆనాటి నుంచి నేను పెట్టె మానేసి గీత చివరనే పేరు రాశాను, కొసలు నమలకుండా ఒక్క కాగితమూ బోర్డు ఎక్కనివ్వలేదు. గర్వంగానే చెబుతున్నాను, ఆ తర్వాత నా గ్రాఫు ఒక్కటీ తప్పు పోలేదు.

ఇప్పుడు బోధన్ రోడ్డు వెంట ఎటు చూసినా వరే, చెరుకు ఎక్కడో ఒక మడి. ఈ తరం పిల్లలు నాకంటే బాగా గీస్తారు, ఒప్పుకుంటాను. వాళ్ల గ్రాఫులు ఫోన్లలో ఊరూరా తిరిగి ఎవరి పంట సంగతో తేల్చేస్తాయి, ఆ పంట మనిషికేమో అది గీసిన వాళ్లు ఎక్కడ కూర్చుంటారో కూడా తెలియదు. నీది తప్పు అని నాకు చెప్పడానికి ఒక ముసలామె రెండు బస్సులు మారి వచ్చింది. ఆ అదృష్టం ఈ పిల్లలకు లేకపాయెనే అని నాకు దిగులుగా ఉంటుంది.