ఉప్పలమ్మ ముఖం మీది ఎరుపు

నారాయణపేటలో ఏ వీధిలో నడిచినా మగ్గాల చప్పుడు వినిపించే రోజులవి. ఆ చప్పుడు చేరీ చేరని ఒక దొడ్లో ఉప్పలమ్మ నూలుకు రంగు పట్టించేది. రాగి బానలో నీళ్లు మరుగుతుంటే చుట్టలుగా కట్టిన నూలు చిలపలను కర్రకు తగిలించి ముంచేది, తిప్పేది, ఎత్తేది. ఆవిరి లేచి ఆమెను కప్పేసేది. అందులోకి చూస్తూ ఉప్పలమ్మ ఎటో వెళ్లిపోయేది. ఒకనాడు కొంగలు బారులు తీరి కనిపించేవి. ఒకనాడు తానెన్నడూ చూడని సముద్రం. భర్త దశరథం వచ్చి, "ఏం జూస్తున్నవ్?" అంటే ఉలిక్కిపడేది. "ఏం లేదు" అనేది.

పందొమ్మిది వందల అరవై ప్రాంతంలో, ముప్పై అయిదు దాటిన వయసులో, ఆమె బుగ్గలు ఎరుపెక్కడం మొదలైంది. మొదట్లో బాన దగ్గర నిలబడినప్పుడే వచ్చి, నీడకు రాగానే పోయేది. తర్వాత పోవడం మానేసింది. ముక్కు మీద సన్నటి ఎర్రని గీతలు తేలాయి. బుగ్గల మీద పొక్కులు లేచాయి. వేడి చాయ్ తాగినా, కారం తిన్నా ముఖం భగ్గుమనేది. రంగు అంటుకుందనుకుని పక్కింటివాళ్లు సున్నిపిండి తెచ్చిచ్చారు. కల్లు తాగుతుందేమోనని మరికొందరు చాటుగా నవ్వుకున్నారు. కల్లు రుచి ఎట్లా ఉంటుందో కూడా ఎరగని మనిషి, కొంగు ముఖం మీదికి లాక్కుని నడవసాగింది.

దశరథం ఆమెను బస్సులో మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాడు. కిటికీ బయట జొన్నచేలు, నల్లటి రాతిగుండ్లు, తాటిచెట్లు మెల్లగా వెనక్కి జారుతుంటే, ఊరు రాకుండా ఇట్లాగే పోతూ ఉంటే బాగుండుననిపించింది ఉప్పలమ్మకు.

దవాఖానలో డాక్టరు సావిత్రమ్మ ఆమె ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది.

"ఇది రంగూ కాదు, అంటురోగమూ కాదమ్మా. ముఖం మీది తోలు ఎర్రబడే జబ్బు, రొసేషియా అంటారు. మళ్లీ రాదని మాటివ్వలేను. అదుపులో మాత్రం పెట్టుకోవచ్చు" అంటూ చీటీ రాసింది. కాంపౌండరు గంధకం కలిపిన మలాం చిన్న గాజు సీసాలో పెట్టి ఇచ్చాడు.

"ముందు దవడ కింద కొంచెం రాసి రెండు మూడు రోజులు చూడు. మంట లేకపోతే, సాయంత్రం చల్లటి నీళ్లతో కడుక్కుని, తడి ఆరాక, ఒక్కో బుగ్గకు పెసరగింజంత పలచగా రాయి. కళ్లకూ పెదవులకూ తగలనీయకు. ఇంకెవరికీ ఇవ్వకు. ఎండకూ ఆవిరికీ దూరంగా ఉండు."

ఆవిరి అన్న మాట దగ్గరే ఆగిపోయింది ఉప్పలమ్మ. "ఆవిరి కాడ నిలవడకుంటె నేనేం పని జెయ్యాలె డాక్టరమ్మా?"

"నీడపట్టున కూర్చుని చేసే పని చూసుకో తల్లీ."

ఇంటికి వచ్చాక కొన్నాళ్లు చెప్పినట్టే రాసుకుంది. బాన దగ్గరికి పోవడం మాత్రం మానలేదు. ఎరుపు తగ్గలేదు. ఆడపడుచు గోవిందమ్మ సీసా చూసి, "గింతంత రాస్తె ఎప్పుడు తగ్గుతదే? దట్టంగ రుద్దు. పొద్దుగాల గూడ రాయి" అంది. ఉప్పలమ్మకూ తొందరగానే ఉంది. పొద్దునా సాయంత్రం మందంగా పూసుకుని ఎండలో, ఆవిరిలో తిరిగింది. వారం తిరగకముందే బుగ్గలు పొట్టు లేచాయి. కళ్లలో నీళ్లు ఆగలేదు. మలాంలోని గంధకానికి వేలికున్న వెండి ఉంగరం నల్లబడింది. తడిగుడ్డ ముఖాన వేసుకుని పడుకుంటే, ఎర్రటి బానలో తానే తేలుతున్నట్టు కల వచ్చింది.

మళ్లీ దవాఖానకు పోయి, గోవిందమ్మ పేరెత్తకుండా జరిగింది చెప్పింది. సావిత్రమ్మ కోప్పడలేదు.

"ఎక్కువ రాస్తే తొందరగా తగ్గదమ్మా, తోలు కాలుతుంది. ఇప్పుడు పూర్తిగా ఆపెయ్. మంట చల్లారినాక నాకు చూపించి, మళ్లీ కొంచెంతో మొదలుపెడదాం. కళ్లు ఎర్రబడినా, మంట పోకపోయినా ఆగకుండా రా."

తిరుగు బస్సు ఊరు చేరబోతుండగా, "రేపటి సంది బాన కాడ నేనుంట" అన్నాడు దశరథం.

ఉప్పలమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చుని మగ్గానికి కావలసిన నూలు కండెలు చుట్టసాగింది. మొదట్లో చేతులాడలేదు. దొడ్లో ఆవిరి లేస్తుంటే ప్రాణం అటే పోయేది. ఒకరోజు దశరథం లోపలికి వచ్చి, చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"గా ఆవిరిల ఏం జూసేదానివి నువ్వు?"

ఎన్నడూ చెప్పని మాట ఆమె చెప్పింది. కొంగల గురించి, సముద్రం గురించి. అతను నవ్వలేదు. మర్నాడు కర్ర తిప్పుతూ ఆవిరిలోకి తలవంచి చూస్తున్న అతన్ని వసారాలోంచి చూసింది.

మంట చల్లారాక డాక్టరమ్మకు చూపించి, మలాం మళ్లీ కొంచెంతో మొదలుపెట్టింది. వానాకాలం నడుమకు వచ్చేసరికి పొక్కులు అణిగాయి. గోవిందమ్మ తన బిడ్డ చెంప మీది తెల్లమచ్చలకు ఆ మలాం అడిగింది. "ఇది నా ముఖం జూసి ఇచ్చిన మందు వదినా. పిల్లను తోల్కపో, డాక్టరమ్మ మంచిగ జూస్తది" అని ఉప్పలమ్మ సీసా మూత బిగించింది. గోవిందమ్మ రెండు రోజులు అలిగింది. మూడో రోజు పిల్లను తీసుకుని బస్సెక్కింది.

తర్వాతి ఎండాకాలం ఎరుపు మళ్లీ వచ్చింది. ఉప్పలమ్మ బెదరలేదు. డాక్టరమ్మకు చూపించుకుని, సాయంత్రాలు పెసరగింజంత రాసుకుని, మధ్యాహ్నాలు నీడనే ఉంది.

ఆ ఏడు తొలకరికి దొడ్లో ఆరేసిన నూలు తీయడానికి బయటికి వచ్చింది. సన్నని తుంపర మొదలైంది. దండెం మీది చిలపలు గాలికి ఊగుతున్నాయి. ముఖం పైకెత్తింది. చల్లటి చినుకులు బుగ్గల మీద పడ్డాయి, ఎక్కడా మండలేదు.

"నూలు తడుస్తాంది!" లోపల్నుంచి దశరథం కేకేశాడు.

"తడవనీ జర" అంది ఉప్పలమ్మ, కళ్లు తెరవకుండానే.