లాగ్ ఆపిన వేసవి

మా గుంటూరు వ్యవసాయ శాఖ ఆఫీసులో ఏసీ ఉన్నది సర్వర్ గదికొక్కదానికే. ఎనభయ్యో దశకం చివరి వేసవి అది. మధ్యాహ్నమయ్యేసరికి మిర్చి యార్డు వైపు నుంచి ఘాటు తేలి వచ్చేది. కిటికీలో ఎండ కూడా ఎర్రగానే కనిపించేది. తుమ్మి, కళ్లు తుడుచుకుని ఆ చల్లదనంలో కూర్చుంటే, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు పత్తి సాళ్లలా మెల్లగా కదిలేవి. నాకు నిద్రకీ మెలకువకీ తేడా తెలిసేది కాదు.

ప్రత్తిపాడు చుట్టుపక్కల ఏ చేలో ఏ పురుగు పడిందో, చేనుకో వరస చొప్పున, మా డేటాబేస్‌లో ఉండేది. దాన్ని చూసుకోవడం నా పని. టైపు చేసేది నాకన్నా పదిహేనేళ్లు పెద్దావిడ, తాత్కాలిక ఉద్యోగి. ఆదివారం చర్చిలో పాడిన పాటనే వారమంతా కూనిరాగం తీస్తూ ఉండేది. ఆ రాగానికే నాకు సగం కునుకు పట్టేది. ఎవరు ఏ వరస చేర్చారో, ఏది చెరిపారో సర్వరే లాగ్ అనే ఫైల్లో రాసుకుంటుందని ఆవిడకు చెప్పింది నేనే.

"అయితే మన పని ఒకరు చూస్తూనే ఉంటారన్నమాట," అంది తృప్తిగా.

లాగ్ పెరిగి డిస్కు నిండిపోతోందని ఒకరోజు సెట్టింగ్ మార్చి దాన్ని ఆపేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆ వారమే కునికిపాట్లు పడుతూ, పాత వరసలు కొన్ని తీసెయ్యబోయి, ఏ తేదీకి ముందువి తీసెయ్యాలో చెప్పడం మరిచి ప్రత్తిపాడు వరసలన్నీ చెరిపేశాను. నిద్ర ఎగిరిపోయింది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఊరుకున్నాను.

మర్నాడు ప్రత్తిపాడు వివరాలు కనిపించక ఆఫీసరుగారు నా ఎదుటే ఆవిడను పిలిచారు. "ఏమ్మా, నిన్న ఆఖర్న కంప్యూటరు ముందు కూర్చుంది నువ్వేగా? ఇలాగైతే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆవిడ ముఖంలో భయమే లేదు. "నేను చెరపలేదండి. కంప్యూటరు అన్నీ రాసుకుంటుందని మా సారే చెప్పారు. తీసి చూడమనండి," అని నా వైపు తిరిగింది.

అంత నమ్మకంగా నన్ను అంతకుముందెవరూ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"లాగ్ నేనే ఆపానండి," అన్నాను. "చెరిపిందీ నేనే."

ఆఫీసరుగారు నన్ను చెడామడా తిట్టారు. ఆవిడ ఉద్యోగం నిలిచింది.

ఆ సాయంత్రమే లాగ్ మళ్లీ పెట్టాను. మర్నాడు, చెరిగిన వరసలు మళ్లీ ఎక్కించడానికి, పొలాల నుంచి వచ్చిన కాగితాలు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం, నేను చదవడానికి, ఆవిడ టైపు చేయడానికి. కూనిరాగం లేదు.

"ఇప్పుడు రాస్తోందా సార్?"

"రాస్తోందండి."

ఆవిడ తలూపింది. సంచీలోంచి కొత్త నోటుపుస్తకం, పెన్సిలు తీసి, మొదటి వరస నంబరూ టైమూ తన చేత్తో రాసుకుంది. తర్వాత, "చదవండి సార్," అంది.